నిద్రకు తోడుండే శబ్దం: యాప్‌ను ఎంచుకునే ముందు

నిద్రలో కళ్లు మూతపడతాయి గాని చెవులు పనిచేస్తూనే ఉంటాయి. చెవిన పడిన శబ్దాల్లో చాలావాటిని మెదడులోని థాలమస్ దాటనివ్వదు. దాన్ని దాటి మనల్ని లేపడంలో శబ్దపు తీవ్రత కన్నా, అంతకు ముందున్న నిశ్శబ్దానికీ దానికీ ఉన్న తేడాకే ఎక్కువ పాత్ర ఉంటుంది. ఐసీయూలో రికార్డు చేసిన శబ్దాలను నిద్రపోతున్నవారికి వినిపించిన ఒక ప్రయోగం 2005లో ప్రచురితమైంది. వాటికి వైట్ నాయిస్ (ఆగకుండా ఒకే తీరుగా సాగే ‘హుష్’మనే శబ్దం) తోడు చేసినప్పుడు గదిలో మొత్తం ధ్వని పెరిగినా మెలకువలు మాత్రం తగ్గాయి. పాల్గొన్నది నలుగురే కనుక దాన్ని రుజువుగా కాక సూచనగానే తీసుకోవాలి. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను చేసేదీ ఈ పనే. చలికాలంలో ఫ్యాను ఆపిన రాత్రుల్లో వీధికుక్కల అరుపులు ఎక్కువగా వినిపించడానికి ఇదొక కారణం.

అందువల్ల నిద్ర కోసం ఇలాంటి శబ్దాలు వినిపించే యాప్‌ను ఎంచుకునేటప్పుడు, అందులో ఎన్ని వందల శబ్దాలు ఉన్నాయన్నది అంత ముఖ్యం కాదు, ఎంచుకున్న శబ్దం రాత్రంతా ఒకే తీరుగా సాగుతుందా అన్నదే చూడాలి. వాన శబ్దం మధ్యలో ఉరుము వినిపించినా, చిన్న రికార్డింగు మళ్లీ మొదలయ్యే చోట అతుకు తెలిసినా, ఉచిత యాప్‌లో ఉన్నట్టుండి ప్రకటన మోగినా, తప్పించుకోవాలనుకున్న మార్పును మనమే గదిలోకి తెచ్చుకున్నట్టవుతుంది. ఐఫోన్‌లో 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి ఇలాంటి నేపథ్య శబ్దాలు ప్రకటనలు లేకుండా ఫోన్‌లోనే ఉన్నాయి కాబట్టి, డబ్బు కట్టే ముందు వాటిని విని చూడడం మంచిది.

ఇక రంగుల సంగతి. ఈ నేపథ్య శబ్దాలను వైట్, పింక్, బ్రౌన్ అని రంగుల పేర్లతో పిలుస్తారు. వైట్ నాయిస్‌లో అన్ని పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) వద్దా శక్తి సమానంగా ఉంటుంది. పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ పింక్‌లో అది 3 డెసిబెల్‌లు, బ్రౌన్‌లో 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక శబ్దాన్ని మరొకటి కప్పాలంటే రెండూ దగ్గరి పౌనఃపున్యాల్లో ఉండాలి గనుక, లారీ ఇంజిను గురగురకు బ్రౌన్ నప్పుతుంది గాని, కుక్క మొరుగుడును కప్పాలంటే మధ్యస్థాయి పౌనఃపున్యాలు బలంగా ఉండే పింక్ గాని వైట్ గాని కావాలి. పైగా ఫోన్‌లోని చిన్న స్పీకరు లోతైన ధ్వనులను సరిగా పలికించలేదు. బ్రౌన్ నాయిస్ కావాలనుకునేవారికి విడిగా ఒక స్పీకరు అవసరం.

పింక్ నాయిస్ జ్ఞాపకశక్తిని పెంచుతుందని చెప్పే యాప్‌లను నమ్మకూడదు. ఆ మాటకు ఆధారంగా చూపే, 2013లో జర్మనీలో జరిగిన ప్రయోగంలో పరిశోధకులు నిద్రపోతున్నవారి మెదడు తరంగాలను తలకు అతికించిన ఈఈజీ సెన్సర్లతో గమనిస్తూ, గాఢనిద్రలోని నెమ్మది తరంగాలకు సరిపోయే క్షణంలోనే క్షణికమైన ధ్వనులు వినిపించారు. తలగడ పక్కనున్న ఫోన్‌కు ఆ క్షణం తెలిసే మార్గం లేదు. మామూలు నేపథ్య శబ్దం మీద వచ్చిన 38 అధ్యయనాలను పరిశీలించిన 2021 నాటి సమీక్ష కూడా, నిద్ర మెరుగవుతుందనడానికి ఉన్న ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చింది.

పసిపిల్లల గదిలో మరింత జాగ్రత్త అవసరం. 2014లో టొరంటో వైద్యులు పరీక్షించిన 14 శబ్ద యంత్రాల్లో మూడు, పూర్తి ధ్వనిలో 30 సెంటీమీటర్ల దూరాన 85 డెసిబెల్‌లు దాటాయి. ఫోన్‌ను ఉయ్యాలకు వీలైనంత దూరంగా ఉంచి, ధ్వనిని బాగా తగ్గించాలి. టైమరు వాడేవారు శబ్దం ఠక్కున ఆగిపోకుండా మెల్లగా తగ్గే సదుపాయమున్న యాప్‌నే తీసుకోవాలి. తెల్లవారుజామున నిద్ర పలచబడుతుంది, సరిగ్గా అప్పుడే వీధిలో రాకపోకలు మొదలవుతాయి; అలాంటి ఇళ్లలో టైమరు పెట్టకుండా తక్కువ ధ్వనిలో ఉదయం దాకా నడవనివ్వడమే నయం.