లోడు కావాలంటే ఎవరికి ఇయ్యల్ల, ఎంత ఇయ్యల్ల? లారీ కిరాయిల్లో లంచాల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం పొద్దున్నే ఆఫీసు తాళం తీద్దామని వస్తే అప్పటికే ఒక పిల్లోడు అరుగు మీద కూర్చోనున్నాడు. వాళ్ల నాయనా నేనూ ఒకప్పుడు ఒకే ఓనరు దగ్గర డ్రైవర్లం. పిల్లోని చేతిలో బట్టల షాపు కవరు, దాంట్లో లక్షా యాభై వేలు. వాళ్లమ్మ నగలు బ్యాంకులో పెట్టి తెచ్చినాడు. సెకండ్ హ్యాండ్‌లో పది టైర్ల బండి ఫైనాన్స్ మీద తీసుకున్నాడంట, రెండో కంతు ఇంకా కట్టలేదు, బండేమో బంకు దగ్గర ఊరికే నిలబడుంది. "మామా, సిమెంటు ఫ్యాక్టరీలో బండి పెట్టాలంటే ఎవరికి ఇయ్యల్ల, ఎంత ఇయ్యల్ల, నువ్వు పేరు చెప్తే నేరుగా ఆయనకే ఇచ్చొస్తా" అన్నాడు.

నాకు కోపం రాలేదు, బాధేసింది. ఏంటికంటే నెలకు ఇద్దరు ముగ్గురన్నా ఇదే ప్రశ్నతో వస్తారు. స్టీరింగ్ మీద పదేండ్లు ఉన్నా, సొంత బండి 2009లో తీసుకున్నా, ప్రొద్దుటూరులో ఈ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు 2013లో పెట్టినా, ఇన్నేండ్లలో ప్రశ్న మాత్రం మారలేదు. ఎవరో హోటల్ కాడ చెప్తారు, ఇంకెవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు, 'ఇస్తే గానీ పని జరగదు' అని. విన్నోళ్లు అదే నిజమనుకోని నగలు తాకట్టు పెడతారు. అందుకే అడిగినోళ్లందరికీ విడివిడిగా చెప్పేది ఈడ ఒక్కసారి రాస్తాండా.

అపోహ: ముందు ఒక మొత్తం ఇచ్చేస్తే లోడు గ్యారంటీ

అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచింది ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తా.

లోడు యాడ పుడుతుందో మొదట చూడండి. డీలరు ఆర్డరు పెడతాడు, ఫ్యాక్టరీ డిస్పాచ్ సెక్షన్ ఆ ఆర్డర్లను బట్టి ఏ ఊరికి ఎన్ని బండ్లు కావాలో ట్రాన్స్‌పోర్టరుకు ఇండెంట్ ఇస్తుంది, ట్రాన్స్‌పోర్టరు తన కింద తిరిగేదానికి పేరు రాయించుకున్న, అంటే అటాచ్ అయిన బండ్లకు ఫోన్ చేస్తాడు, చాలకపోతే బయట లారీ ఆఫీసులకు చెప్తాడు, లారీ ఓనర్ల అసోసియేషన్ సీరియల్, అంటే బండ్ల వరస నంబర్లు నడిచే చోట ఆ సీరియల్ ప్రకారం పిలుస్తారు. మీ దగ్గర డబ్బు తీసుకునే మనిషి చాలాసార్లు ఈ వరసలో యాడా ఉండడు. ఒకవేళ ఉన్నా ఆయన చేయగలిగింది ఒకటే, క్యూలో మీ బండిని నాలుగు బండ్ల ముందుకు జరపడం. డీలరుకు సిమెంటు అక్కర లేని నెలలో ఆయన లోడు పుట్టించలేడు. రేపు ఇంకొకడు మీకంటే పదివేలు ఎక్కువ ఇస్తే వాని బండి మీ ముందుకొస్తుంది. మీరు కొనుక్కున్నది పని కాదు, క్యూలో ఒక చోటు, అది కూడా ఇంకొకడు వచ్చేదాకానే.

మరి ఇచ్చినోళ్లకు లోడ్లు వచ్చినాయి కదా అంటారు. వచ్చినాయి, నాకూ వచ్చినాయి.

2010 జనవరిలో నేను 80 వేలు ఇచ్చినా. ఫ్యాక్టరీ పేరూ మనిషి పేరూ చెప్పను. 'మేనేజరు నా మాట దాటడు, నీ బండి యాడాది పొడుగునా తిరుగుతుంది' అన్నాడు. ఫిబ్రవరిలో ఎనిమిది ట్రిప్పులు, మార్చిలో పది. నేను ఆయన్ను దేవునిలాగా చూసినా, ఉగాదికి ఇంటికి పోయి పండ్ల బుట్ట కూడా ఇచ్చొచ్చినా. ఏప్రిల్ నుంచి తగ్గినాయి. వానలు మొదలైనాక నెలకు మూడు. అడిగితే 'పైన కొత్త మనిషొచ్చినాడు, ఇంకో 40 ఇస్తే సెట్ చేస్తా' అన్నాడు. వడ్డీకి తెచ్చి 25 ఇచ్చినా. ఆగస్టులో ఫోన్ ఎత్తడం మానేసినాడు.

నాకు అర్థమయ్యేదానికి ఇంకో రెండేండ్లు పట్టింది. మార్చి అంటే కంపెనీలకు లెక్కల సంవత్సరం ఆఖరు, టార్గెట్ల కోసం సరుకు బయటికి తోస్తారు, పైగా ఎండాకాలం కట్టుబడి పనులు జోరు మీద ఉంటాయి. ఆ నెలలో బండ్లు దొరక్క ఫ్యాక్టరీ వైపు నుంచే ఫోన్లు వస్తాయి. పైసా ఇయ్యనోళ్లు కూడా ఆ మార్చిలో నా అంత తిరిగినారు. సీజను ఇచ్చిన పనిని ఆయన తన ఖాతాలో వేసుకున్నాడు, నేను నమ్మినా. వానాకాలంలో పనులు ఆగితే ఎవరికి ఎంత ఇచ్చినా పెద్దగా తేడా ఉండదు. మీ దగ్గర కూడా డిసెంబరు, జనవరిలో డబ్బు అడిగే మనిషి ఉంటే ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

ఇంకో నష్టం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. ఇచ్చినోనికి నోరు ఉండదు. అన్‌లోడింగ్ కాడ మూడు రోజులు బండి ఆగితే హాల్టింగ్, అంటే ఆగిన రోజుల డబ్బు అడగాలి, అడగలేడు. రెండు బస్తాలు చినిగినాయని నాలుగు బస్తాలు తక్కువైనాయని కిరాయిలో షార్టేజీ కోస్తే కాదనలేడు. బ్యాలెన్స్ కిరాయి రెండు నెలలు ఆపితే గట్టిగా మాట్లాడలేడు, ఏంటికంటే 'నీ బండి లోపలికి ఎట్లొచ్చిందో నాకు తెలీదా' అని ఒక్క మాట అంటే చాలు. నేను పోగొట్టుకున్న లక్షా ఐదు వేల కంటే, ఆ ఏడాది అడగలేక వదిలేసిన హాల్టింగూ షార్టేజీ డబ్బులే ఎక్కువై ఉంటాయి.

కొందరు తెలివిగా ప్రామిసరీ నోటు రాయించుకున్నాం అంటారు. లంచం కోసం ఇచ్చిన డబ్బుకు రాయించుకున్న నోటు కోర్టులో నిలబడదు. చట్టానికి వ్యతిరేకమైన పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే ఉంది. కోర్టుకు పోయి 'లోడ్ల కోసం లంచం ఇచ్చినా సార్, ఇప్పించండి' అని అడగగలమా?

ట్రిప్పు ట్రిప్పుకు ఇచ్చే చిల్లర సంగతి కూడా చూడండి. గేటు కాడ 100, కాటా కాడ 100, లోడింగ్ కాడ 200, సూపర్‌వైజరుకు 300 అనుకుందాం. 700. నెలకు 8 ట్రిప్పులైతే 5,600, ఏడాదికి 67,200. దగ్గర దగ్గర మూడు కొత్త టైర్ల డబ్బు. టైరు అరిగితే మనకు కనపడుతుంది, ఇది కనపడదు. హమాలీ కూలి వేరే, అది కష్టం చేసినోళ్లకు ఇచ్చేది, దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

నిజమైన అటాచ్‌మెంట్ ఎట్లుంటుందో చెప్తా. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, పొల్యూషన్, పాన్ కార్డు, బ్యాంకు అకౌంటు వివరాలు అడుగుతారు. కిరాయి అకౌంటులో పడుతుంది. కొందరు ట్రాన్స్‌పోర్టర్లు డిపాజిట్ తీసుకుంటారు, కానీ అది సంస్థ అకౌంటుకు పోవాలి, రసీదు రావాలి, బండి తీసేసినప్పుడు తిరిగొచ్చే షరతు రాసి ఉండాలి. టీ అంగట్లో చేతికి నోట్లు అడిగేది డిపాజిట్ కాదు.

అపోహ: లారీ ఆఫీసు కమీషన్ కూడా లంచమే కదా

కాదు. లోడు చూపించినందుకు బుకింగ్ ఆఫీసు తీసుకునే కమీషన్ మా వ్యాపారం. ముందే చెప్పి, స్లిప్పులో రాసి, కిరాయిలో పట్టుకుంటాం. తాడిపత్రి బండలైనా, కర్నూలు ఉల్లిగడ్డలైనా, అనంతపురం చీనీకాయలైనా ఇదే పద్ధతి. ఒకరి దగ్గర జీతం తీసుకుంటూ, ఆయనకు తెలీకుండా మీ దగ్గర కూడా తీసుకునేది లంచం.

అపోహ: తీసుకున్నోడిదే తప్పు, ఇచ్చినోనికి ఏమీ కాదు

ఇది పాత మాట. 2018 జూలైలో అవినీతి నిరోధక చట్టం మార్చినారు. ప్రభుత్వ ఉద్యోగికి ఇచ్చినోనికి కూడా ఏడేండ్ల దాకా శిక్ష ఉంది. ఆఫీసర్ని మేనేజ్ చేస్తానని మధ్యలో డబ్బు తీసుకునే బ్రోకరుకు కూడా మూడు నుంచి ఏడేండ్లు.

భయపడేవాళ్ల కోసం ఇంకో ముక్క కూడా అదే చట్టంలో ఉంది. గత్యంతరం లేక, బలవంతం మీద ఇయ్యాల్సొస్తే, ఇచ్చిన ఏడు రోజుల్లోపల పోలీసులకో ఏసీబీకో చెప్తే ఇచ్చినోని మీద కేసు ఉండదు. ఇయ్యకముందే ఏసీబీకి చెప్పి, వాళ్లను పట్టించడానికే ఇస్తే అసలు ఇబ్బందే లేదు. ఏసీబీ ఫోన్ నంబరు 1064. అట్ల పట్టించేటప్పుడు ఏసీబీ వాళ్లు ముందే నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, తీసుకున్నోని చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబి రంగుకు తిరుగుతాయి.

'ఏసీబీకి పోతే మన డబ్బు కూడా పోతుంది' అనేది పుకారు. ట్రాప్ కోసం పెట్టిన డబ్బు ఫిర్యాదు చేసినోనికి తిరిగి ఇస్తారు. 'ఇంక బండి రోడ్డెక్కదు' అనే భయం మాత్రం ఉత్త పుకారు కాదు, ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు, పెండ్లాం పిల్లలున్నోడు వెనకాడితే నేను తప్పు పట్టను. కాకపోతే ఒక్కడే పోవద్దు, అసోసియేషన్‌లో నలుగురితో మాట్లాడి పొండి, అదే మనిషి వాళ్లను కూడా అడిగి ఉంటాడు.

ప్రైవేటు కంపెనీ మనిషి తీసుకుంటే ఏసీబీ పరిధిలోకి రాదు, అది ప్రభుత్వ ఉద్యోగుల కోసం పెట్టింది. అట్లని తప్పు కాకుండా పోదు. నమ్మకద్రోహం, మోసం కింద యాజమాన్యం కేసు పెట్టొచ్చు. చాలా పెద్ద కంపెనీల్లో ఫిర్యాదులకు వేరే ఈమెయిల్, ఫోన్ నంబరు ఉంటాయి, వాళ్ల వెబ్‌సైట్‌లోనే కనపడతాయి. బయటపడిన రోజు ఆ ఉద్యోగితో పాటు డబ్బిచ్చిన బండి నంబరు కూడా బ్లాక్‌లిస్టులోకి పోతుంది. అట్ల పోయినోళ్లు ఇద్దరు నాకు తెలుసు.

అపోహ: దారిలో మామూలు ఇస్తే ఓవర్‌లోడ్ తోలొచ్చు, అందులోనే లాభం

2018లోనే పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచినారు. కొత్త పరిమితి మీ ఆర్‌సీలో ఎక్కిందా లేదా ముందు అది చూసుకోండి. ఇంకా ఎక్కువ వేసి దొరికితే ఫైన్ 20,000, పైన టన్నుకు 2,000. ఐదు టన్నులు ఎక్కువుంటే 30,000. ఎక్కువున్న సరుకు దింపేదాకా బండి కదలనీయరు, ఆ దించే కూలి కూడా మనదే. కాటాకు పోనని మొండికేస్తే 40,000. ఒకని చేతిలో 500 పెడితే వాడు వదిలేస్తాడేమో, ముప్పై కిలోమీటర్ల అవతల ఇంకో టీమ్ ఉంటుంది, వాళ్లకు మీ 500 సంగతి తెలీదు.

ఇది ఫైన్‌తో పోయేది కాదు. నాతో కలిసి బండి తోలిన ఒకాయన గువ్వలచెరువు ఘాట్ దిగుతాంటే బ్రేకులు నిలవలేదు. ఆయన బతికినాడు, క్లీనరు పిల్లోడు బతకలేదు. బండిలో ఏడు టన్నులు ఎక్కువ ఉంది. ఆ రాత్రి దారిలో రెండు చోట్ల డబ్బులిచ్చి దాటించుకున్నారు. ఒక్కరన్నా ఆపి సరుకు దింపించి ఉంటే బాగుండు అని ఆయన ఇప్పటికీ అంటాడు. నేను దీని గురించి ఇంతకంటే రాయలేను.

మిగతావి గబగబా చెప్తా. సివిల్ సప్లైస్ బియ్యం స్టేజ్ 1 (గోడౌన్ నుంచి గోడౌన్‌కు), స్టేజ్ 2 (గోడౌన్ నుంచి రేషన్ షాపులకు) రవాణా లాంటివి టెండర్ల మీద పోతాయి. ఈఎండీ అంటే టెండరు వేసేటప్పుడు పెట్టే డిపాజిట్, అది అకౌంటు ద్వారా కట్టేది, టెండరు రాకపోతే తిరిగొస్తుంది, 'ఈఎండీ కాకుండా ఇంకొంచెం చేతికి' అని అడిగినోడు మోసగాడే. ఇచ్చిన లంచం లెక్కల్లో ఖర్చు కింద చూపిస్తామంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఒప్పుకోరు. పదికి మించి బండ్లు లేకుండా, ఖర్చుల లెక్క చూపకుండా అంచనా ఆదాయం పద్ధతిలో పెద్ద బండ్లకు నెలకు టన్నుకు 1,000 చొప్పున ఆదాయం చూపించేవాళ్లకైతే ఏ ఖర్చూ విడిగా తీసే వీలే లేదు. జీఎస్టీ వచ్చినాక 2017లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు తీసేసినారు, ఇంకా 'చెక్‌పోస్టు ఖర్చు' అని డ్రైవరు ట్రిప్ షీట్‌లో రాస్తాంటే యాడ, ఎవరికి అని కూర్చోబెట్టి అడగండి.

ఆ పిల్లోనితో ఇవన్నీ చెప్పేటప్పటికి మధ్యాహ్నమైంది. పూర్తిగా నమ్మలేదు, మొహంలోనే తెలుస్తాంది. 'అందరూ ఇస్తాంటే నేనొక్కన్నే ఇయ్యకపోతే ఎట్ల మామా' అన్నాడు. నేను నా 2010 డైరీ తీసి చూపించినా, ఏ నెల ఎన్ని ట్రిప్పులు, ఎవరికి ఎంత, అన్నీ రాసుకున్నవి. చాలాసేపు చూసినాడు. ఇద్దరం కలిసి లెక్కేసినాం. 60 వేలతో వెనక టైర్లలో రెండు, పాతబడిన టార్పాలిన్ పట్టా మార్చడం, రెండు నెలల కంతు పక్కన పెట్టడం, మిగిలింది తిరిగి బ్యాంకులో కట్టి ఒక నగన్నా విడిపించడం. బండి పేరు సీరియల్‌లో రాయించినాం, 31వ నంబరు వచ్చింది.

ఐదో రోజు బెంగళూరుకు బండల లోడు దొరికింది. నిన్న రాత్రి పదకొండుకు ఫోన్ చేసినాడు. అన్‌లోడింగ్ కాడ ఎవరో 500 అడుగుతున్నారంట, హమాలీ కాదంట, ఊరికే. "రసీదు ఇస్తావా అని అడుగు" అన్నా. ఫోన్ పెట్టకుండానే అడిగినాడు, నాకు వినపడింది. అవతల నుంచి కాసేపు ఏ మాటా రాలేదు, తర్వాత 'సరే, బండి వెనక్కి పెట్టు' అన్నారు.