పన్ను సున్నా, కోత మాత్రం పది శాతం

తిరుపతిలో ఇంటి దగ్గర నుంచే ఇంటీరియర్ డ్రాయింగులు వేసిచ్చే ఒక అమ్మాయి ఉందనుకుందాం. బెంగళూరు కంపెనీ ఒకటి ఏడాదిలో ఆమెకు 60 వేల రూపాయల పని ఇచ్చింది. చేతికందింది 54 వేలు. మిగతా 6 వేలు టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కింద ఆమె పాన్ మీద జమ అయ్యాయి. ఊళ్లో చేసిన పనులు కలిపినా ఆమె సంపాదన రెండు లక్షలు దాటలేదు, కాబట్టి కట్టాల్సిన పన్నేమీ లేదు. అయినా ఆ 6 వేలు వెనక్కి రావాలంటే రిటర్ను వేయాల్సిందే. జీతగాళ్లు వేసే సులువైన ఐటీఆర్-1 ఆమెకు పనికిరాదు, సొంత వృత్తి చేసుకునేవాళ్ల ఐటీఆర్-4 వేయాలి. అందుకు ఆడిటర్‌కు ఫీజు ఇచ్చుకోవాలి.

కొత్త ఇల్లు చేయించుకునే మామూలు మనిషి ఆమెకు డబ్బిచ్చేటప్పుడు ఏమీ కోయనక్కర్లేదు. కంపెనీ అయితే కోసి తీరాలి. బెంగళూరు, చెన్నై కంపెనీల పని మీద ఆధారపడిన మన తిరుపతి వైపు పిల్లలకు ఈ కోత అందుకే తప్పడం లేదు.

ఇది మొదలైంది 1995 జులైలో. డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టుల ఫీజుల మీద డబ్బిచ్చేవాళ్లే పన్ను పట్టుకోవాలని 1961 ఆదాయపు పన్ను చట్టంలో 194జే సెక్షన్ చేర్చారు. కోత 5 శాతం. ఏడాదికి 20 వేల లోపు ఇస్తే కోయనక్కర్లేదు. అప్పట్లో 40 వేలు దాటిన ఆదాయానికే పన్ను ఉండేది. అంటే కోత పరిమితి పన్ను పరిమితిలో సగం. అది న్యాయమైన లెక్కే.

లెక్క తప్పింది తర్వాతే. 2007 జూన్‌లో కోతను 10 శాతం చేశారు. పరిమితి 30 వేలు కావడానికి 2010 దాకా, 50 వేలు కావడానికి 2025 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోపు కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేకుండా పోయింది, రిబేటు (పన్ను మాఫీ) కలిపితే 12 లక్షల దాకా కట్టనక్కర్లేదు. ఒకప్పుడు సగం ఉన్న కోత పరిమితి ఇప్పుడు ఎనిమిదో వంతుకు పడిపోయింది. చిన్న సంపాదనల వాళ్లను ఇంతగా ఇబ్బంది పెడుతున్నది ఈ తేడానే.

మధ్యలో ఒక మంచి పని జరిగింది. 2016 బడ్జెట్‌లో 44ఏడీఏ సెక్షన్ తెచ్చి, 50 లక్షల లోపు రాబడి ఉన్న కొన్ని వృత్తుల వాళ్లు అందులో సగాన్నే ఆదాయంగా చూపితే చాలన్నారు. ఖర్చుల బిల్లులు, ఖాతా పుస్తకాల టెన్షన్ తగ్గింది. నగదు రాబడి 5 శాతం దాటని వాళ్లకు ఆ పరిమితి తర్వాత 75 లక్షలైంది. కానీ అది రిటర్ను వేసేటప్పటి సౌకర్యం. కోతను ఆపదు.

బ్యాంకు డిపాజిట్ వేసుకున్నవాళ్లకు పన్ను పడదంటే ఆ మాట తామే రాసిచ్చే డిక్లరేషన్ (పాత చట్టంలో 15జీ ఫారం) ఇచ్చి వడ్డీ మీద కోత ఆపించుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. వృత్తి ఫీజులకు ఆ వీలు ఇవ్వలేదు. కోత వద్దనుకుంటే ఆదాయపు పన్ను శాఖకు విడిగా దరఖాస్తు పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 60 వేల పనికి ఎవరు ఆ తిప్పలు పడతారు? 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త చట్టం అమలుకు పెట్టారు. సెక్షన్ల నంబర్లు మారాయి, ఆ 50 వేల గీత మాత్రం అలాగే ఉంచారు. దాన్ని పన్ను పరిమితితో ముడిపెట్టాలి, లేదంటే ఫీజులకు కూడా 15జీ లాంటి సొంత డిక్లరేషన్ చాలనాలి.