కార్డు పెట్టినా లాగిన్ కావట్లేదా? 2022 మే నుంచి నడుస్తున్న కథ ఇది

మళ్లీ అదే గొడవ మొదలైంది. రీడర్‌లో స్మార్ట్ కార్డు పెడితే కంప్యూటర్ పిన్ అడుగుతుంది, పిన్ కొట్టాక మాత్రం సైన్ ఇన్ కుదరలేదంటూ వెనక్కి పంపుతుంది. అనంతపురం, కర్నూలు, కడప బ్రాంచీల్లో పనిచేసేవాళ్లు పంపుతున్న ఫోటోలన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. హెడ్డాఫీసు ఐటీ వాళ్లు "కార్డు పోయింది, కొత్తదానికి పెట్టుకోండి" అంటున్నారు. ఊళ్లో సర్వీసు చేసే కుర్రాళ్లు "అక్టోబర్ విండోస్ అప్‌డేట్ తీసేస్తే సరిపోతుందన్నా" అంటున్నారు. సీట్లో కూర్చున్న మనిషి మాత్రం "నిన్నటిదాకా బాగానే పనిచేసింది కదప్పా, నేనేం ముట్టుకోలేదు" అంటున్నాడు. నా లెక్కలో ఆ సీట్లో మనిషి చెప్పేదే నిజం.

ముందు అక్టోబర్ సంగతి. 2025 అక్టోబర్ 14న వచ్చిన అప్‌డేట్‌తో స్మార్ట్ కార్డులకు ఇబ్బంది వచ్చిన మాట వాస్తవమే. ఆర్‌ఎస్‌ఏ రకం సర్టిఫికెట్లు, అంటే కార్డు ఎవరిదో చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రాలు, ఉన్న కార్డులను విండోస్ పాత సీఎస్‌పీ పద్ధతిలో కాకుండా కేఎస్‌పీ అనే కొత్త పద్ధతిలోనే వాడాలని మైక్రోసాఫ్ట్ పెట్టింది, సీవీఈ-2024-30098 అనే నంబరున్న భద్రతా లోపాన్ని మూయడానికి. దాంతో కొన్ని 32-బిట్ ప్రోగ్రాముల్లో కార్డు కనిపించకుండా పోయింది, డాక్యుమెంట్ల మీద డిజిటల్ సంతకం పడలేదు, 'ఇన్‌వాలిడ్ ప్రొవైడర్ టైప్' అనే ఎర్రర్ వచ్చింది. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి తాత్కాలికంగా బయటపడే దారి కూడా వాళ్లే చెప్పారు. కానీ ఇది ఎక్కువగా సంతకాల దగ్గర, అప్లికేషన్ల దగ్గర వచ్చే చిక్కు. పిన్ తీసుకున్నాక డొమైన్ లోపలికి, అంటే ఆఫీసు కంప్యూటర్లూ ఖాతాలూ అన్నీ కలిసుండే నెట్‌వర్క్‌లోకి, రానివ్వకపోవడం వేరే జబ్బు, అది మొదలైంది 2025 సెప్టెంబర్ 9 అప్‌డేట్‌తో. రెండింటికీ మధ్య ఐదు వారాలే కాబట్టి కలిసిపోయాయి. అప్‌డేట్ తీసేసినా లాగిన్ కాకపోయేసరికి నింద కార్డు మీదికి, కార్డు పట్టుకున్న మనిషి మీదికి పోయింది.

సెప్టెంబర్‌లో జరిగినదానికి బీజం 2022 మే 10న పడింది. కార్డు లోపల ఒక ప్రైవేట్ కీ ఉంటుంది, అది ఎప్పుడూ బయటికి రాదు. పిన్ కొడితే ఆ కీతో కార్డే సంతకం చేసి ఇస్తుంది, కంప్యూటర్ ఆ సంతకాన్నీ సర్టిఫికెట్‌నూ లాగిన్లను సరిచూసే సర్వర్‌కు, అంటే డొమైన్ కంట్రోలర్‌కు పంపుతుంది. సర్టిఫికెట్ ఎవరిచ్చారు, గడువుందా, రద్దయిందా అని చూసుకున్నాక ఇది ఏ ఖాతాది అన్న ప్రశ్న మిగులుతుంది. అప్పటిదాకా దానికి పేరు కలిస్తే సరిపోయేది.

అది ఎంత ప్రమాదమో ఆలివర్ లియాక్ అనే పరిశోధకుడు బయటపెట్టాడు. ఆ లోపానికి సర్టిఫ్రైడ్ అని పేరు పడింది, నంబరు సీవీఈ-2022-26923. డొమైన్‌లో మామూలు ఉద్యోగి ఖాతాతో కూడా డిఫాల్ట్‌గా పది కంప్యూటర్ల వరకూ చేర్చొచ్చు. అలా ఒకటి చేర్చి, దానికి డొమైన్ కంట్రోలర్ పేరు పెట్టి సర్టిఫికెట్ అడిగితే సర్వర్ ఇచ్చేసేది, ఇక డొమైన్ మొత్తం ఆ దొంగ చేతిలోకి పోయినట్టే. అందుకే మే 10 ప్యాచ్‌తో రూలు మారింది. ఒక్కో ఖాతాకు విడిగా ఉండే గుర్తింపు నంబరు, అంటే ఎస్‌ఐడీ, సర్టిఫికెట్‌లోనే ఉండాలి, లేకపోతే ఆ సర్టిఫికెట్ గుర్తులను అడ్మిన్ ఖాతా కింద నమోదు చేయాలి.

రూలు మంచిదే, నేను కాదనను. అమలు మాత్రం సాగుతూ పోయింది. 2023 నవంబర్ అన్నారు, తర్వాత 2025 ఫిబ్రవరి 11కు జరిపారు, అప్పుడు కూడా రిజిస్ట్రీలో 1 పెట్టుకుంటే పాత పద్ధతిలో నడుపుకునే వెసులుబాటు మిగిలింది, సెప్టెంబర్ 9తో అదీ పోయింది. ఇన్నాళ్లూ ఎవరి సర్టిఫికెట్ సరిగా ముడిపడలేదో ఖాతా పేరుతో సహా సర్వర్ లాగ్‌లో 39 నంబరు హెచ్చరిక పడుతూనే ఉంది. గడువులు పదేపదే మారితే ఎవరు నమ్ముతారని, ఒక్కో అడ్మిన్ మీద వందల యంత్రాలున్నాయని ఐటీ వాళ్లు అంటారు. ఉండొచ్చు. కానీ ఆ లాగ్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న సర్వర్‌లో ఉంటుంది, కర్నూలులో కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి అది కనిపించే దారే లేదు.

ప్రొద్దుటూరులో ఒక ఆఫీసులో పనిచేసే అక్కను పిన్ మర్చిపోయి ఉంటావని గద్దించారు. ఆమె టెన్షన్‌లో తన పిన్ మీద తనకే నమ్మకం పోయి, పాతవీ కొత్తవీ అన్నీ కొట్టి చూసేసరికి కార్డు నిజంగానే లాక్ అయింది. అప్పటిదాకా బాగున్న కార్డు అది.

కాబట్టి ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే విండోస్ పనిముట్టును ఎస్‌సీఇన్ఫో ఆప్షన్‌తో (certutil -scinfo) నడపండి. రీడర్, సర్టిఫికెట్ కనిపించి పిన్ కూడా తీసుకుంటే కార్డు బాగున్నట్టే. రీడరే రాకపోతే డ్రైవర్, స్మార్ట్ కార్డ్ సర్వీసు చూసుకోవాలి. కంప్యూటర్ టైము సర్వర్ టైముతో ఐదు నిమిషాలకు మించి తేడా ఉన్నా లాగిన్ కాదు, పాత మదర్‌బోర్డుల్లో సెల్ అయిపోయి టైము వెనక్కి పోవడం మామూలే. ఇవన్నీ సరిగా ఉంటే ఫిర్యాదులో "కార్డు పనిచేయట్లేదు" అని రాయొద్దు. "ఫలానా టైముకు ప్రయత్నించాను, ఆ టైముకు డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో 39, 40, 41 ఈవెంట్లు చూడండి" అని రాయండి. 39 అంటే సర్టిఫికెట్‌కూ ఖాతాకూ గట్టి ముడి లేదని, 40 అంటే ఖాతా కంటే సర్టిఫికెట్ పాతదని, 41 అంటే ఎస్‌ఐడీ కలవలేదని.

ఆ తర్వాత పని అడ్మిన్‌ది. ఎస్‌ఐడీ ఉన్న కొత్త సర్టిఫికెట్‌ను అదే కార్డులోకి ఎక్కించొచ్చు, కార్డు మార్చక్కర్లేదు. కొత్త కార్డు తెప్పించినా ఎస్‌ఐడీ లేని సర్టిఫికెట్టే వస్తే మళ్లీ ఇదే గోల. లేదంటే ఖాతా కింద ఇష్యూయర్ (సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ల) పేరు, సర్టిఫికెట్ సీరియల్ నంబరు రాయాలి. అక్కడ సీరియల్ నంబరును రెండేసి అక్షరాలుగా విడగొట్టి చివరి జత నుంచి మొదటి జతకు తిరగేసి రాయాలి, సర్టిఫికెట్‌లో కనిపించినట్టే దింపితే లాగిన్ కాదు.