నర్సింగ్‌లో వెనకబడిన పిల్లల మీద ఉన్న అపోహలు, వార్డులో నేను చూసిన వాస్తవాలు

కర్నూలులో బీఎస్సీ నర్సింగ్ పిల్లలకి చాలా ఏళ్లుగా పాఠాలు చెప్తున్నా, సగం రోజు క్లాసులో, సగం రోజు వార్డులో. చదువులో వెనకబడిన పిల్లల గురించి స్టాఫ్ రూముల్లో, పేరెంట్స్ నోట పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి, విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: ఫస్టియర్‌లోనే సబ్జెక్టులు పోయాయంటే ఆ పిల్లకి బుర్ర లేనట్టే

నేను చూసినంతలో పిల్లలు ఎక్కువగా తట్టుకుని పడేది భాష దగ్గర. ఆదోని, కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి ఇంట్లో కన్నడ, బడిలో తెలుగు, ఇక్కడికొచ్చాక అనాటమీ, ఫిజియాలజీ అంతా ఇంగ్లీషు. అమ్మానాన్నలు సుగ్గికని, అంటే పనుల కోసం వలసగా, గుంటూరు వైపు మిరపకాయల కోతలకి పోతే అవ్వ దగ్గరుండి బైపీసీ చదివి సీటు తెచ్చుకున్నోళ్లు వీళ్లు, వీళ్లకి బుర్ర లేదని ఎట్లంటాం? ఒక పాప హెపటైటిస్ అనే మాటని రాత్రి బట్టీ పట్టేది, పొద్దునకి మర్చిపోయేది. హెపాట్ అంటే లివర్, ఐటిస్ అంటే వాపు అని విడగొట్టి చెప్పా, కాసేపటికి నెఫ్రైటిస్, గ్యాస్ట్రైటిస్ అర్థాలు తనే చెప్పేసింది. అప్పట్నుంచి ముందు తెలుగులో చెప్పమంటా, అర్థమైందని తెలిశాకే ఇంగ్లీషులో రాయిస్తా, పరీక్ష రాయాల్సింది ఇంగ్లీషులోనే కాబట్టి అది మాత్రం రోజూ రాయాల్సిందే.

అపోహ: మెత్తగా ఉంటే పిల్లలకి నిర్లక్ష్యం వస్తుంది, రేపు పేషెంట్ ప్రాణం మీదికొస్తుంది

ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, పేషెంట్ గురించి భయంతోనే అంటారు. కానీ నేను చూసింది దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. ఒకసారి మెడికల్ వార్డులో ఒక స్టూడెంట్ రాసిన చార్టులు చూస్తే ఆరుగురు పేషెంట్లకీ బీపీ 120/80 అనే ఉంది. అందరి ముందూ ఏమీ అనకుండా పక్కకి పిలిచి, ఏంటికి మ్మా ఇట్ల రాసినావు అని అడిగా, రెండు నిమిషాలు తల దించుకుని, "నాకేం ఇనపడదు మేడమ్, మూడు వారాల నుంచీ అంతే" అంది. స్టెత్ పెట్టుకో చూద్దాం అన్నా. చెవిలో పెట్టుకునే కొనలు వెనక్కి తిరిగున్నాయి! అవి ముందుకి, ముక్కు వైపుకి వాలి ఉండాలి, అంతే తేడా. తిప్పి పెట్టించి, పేషెంట్ చేతికి బీపీ పట్టీ (కఫ్) కట్టించి, మణికట్టు దగ్గర నాడి ఆగిపోయిన చోటు నుంచి ఇంకో 30 పైకి ఎక్కించి, మోచేతి మడతలో స్టెత్ ఆనించి మెల్లగా గాలి వదలమన్నా. "ఇనపడింది మేడమ్!" అని వార్డంతా వినేటట్టు అరిచింది. ఆ పెద్దాయన అసలు బీపీ 170/100. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పాం.

తప్పుని నేను వదిలెయ్యలేదు. మిగతా ఐదుగురికీ నా ముందే మళ్లీ చూయించా, చూడకుండా రాశానని వార్డు సిస్టర్‌కి తన నోటితోనే చెప్పించా. కానీ మూడు వారాలు ఆ పిల్ల నోరు తెరవలేకపోయింది ఏంటికంటే, మొదటి రోజు వినపడలేదు అన్నందుకు ఎవరో నలుగురి ముందు తిట్టారట. నా చదువు రోజుల్లో, వేరే ఊళ్లో, మా టీచర్ ఒకావిడ పేషెంట్ల ముందే నా చేతిలోని ట్రే లాక్కుని విసిరేసింది, ఆ ఏడాదంతా నేను ఒక్క డౌటు కూడా అడగలేదు, తెలియకపోయినా తలూపేదాన్ని. అట్లా తలూపే నర్సే పేషెంట్‌కి ప్రమాదం.

అపోహ: సాయం చెయ్యడమంటే మార్కులు వేసి గట్టెక్కించడం

పాసవ్వాలంటే థియరీలో 50 శాతం, ప్రాక్టికల్‌లో 50 శాతం, దేనికది రావాల్సిందే. రాని పిల్లని పాస్ చేయిస్తే అది దయ కాదు. సెమిస్టర్ సగంలోనే కూర్చోబెట్టి నువ్వు ఇక్కడ వెనకబడ్డావు, దీన్ని ఇట్లా సరి చేద్దాం అని నిజం చెప్పడమే నాకు తెలిసిన సాయం, ఆఖర్లో చెప్తే దానితో ఆ పిల్ల ఏం చేసుకుంటుంది?

అపోహ: వార్డులో ఏడ్చే పిల్ల ఈ పనికి పనికిరాదు

మొదటిసారి పేషెంట్ చనిపోతే ఏడుపు రాదా ఎవరికైనా. ఆ రోజు కాసేపు పక్కన కూర్చోవాలి, తిన్నదా లేదా అడగాలి. రోజుల తరబడి నిద్ర లేకుండా, హాస్టల్ రూములోంచి బయటికి రాకుండా ఉంటే మాత్రం మన ఓదార్పు చాలదు, డాక్టర్‌కి చూపించాలి, మానసిక ఆరోగ్యానికి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నెంబర్ 14416 ఏ టైంలో చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకొకటి, డ్రిప్ లెక్కలు. 500 ఎంఎల్ సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, ఎంఎల్‌కి 20 చుక్కలు పడే డ్రిప్ సెట్టు, నిమిషానికి ఎన్ని చుక్కలు అంటే మొన్న ఒక పాప 1250 అని రాసి, అది చూసుకుని తనే బిక్కమొహం వేసింది. ఫార్ములా కరెక్టే, గంటల్ని నిమిషాలు చెయ్యలేదు, 500ని 20తో గుణించి 8 బదులు 480తో భాగిస్తే దాదాపు 21. ఇట్లాంటి వాళ్లు తనొక్కతే కాదు, అందుకే రేపట్నుంచి క్లాసుకి అరగంట ముందొచ్చి ఈ లెక్కలే చేయిస్తున్నా, మా పిల్లల్లో ఎవరు ఈ పోస్ట్ చూసినా నోటుబుక్కు తీసుకుని వచ్చెయ్యండి, ఏ సెమిస్టర్ అని అడగను.