కెమెరాకి చలి కాదు, వెచ్చదనమే గండం

లదాఖ్‌లోని హాన్లేలో నవంబరు రాత్రి. బ్యాగుకి వేలాడదీసిన థర్మామీటరు మైనస్ 18 చూపిస్తోంది. కృత్తికలకి, మన పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ చుక్కల గుంపుకి కెమెరా గురిపెట్టి ఇరవై సెకన్ల చొప్పున ఫోటోలు తీస్తున్నాను. నలభై కూడా దాటలేదు. నిండా చార్జింగ్ పెట్టిన బ్యాటరీ మూడు గీతల నుంచి ఒక్కసారిగా ఎర్రగీతకి దిగిపోయి కెమెరా ఆగిపోయింది. అంత దూరం వచ్చి ఇదేం ఖర్మ అనుకుంటూ దాన్ని తీసి స్వెట్టర్ లోపలి జేబులో పడేశాను. పావుగంట తర్వాత ఊరికే పెట్టి చూస్తే మళ్లీ రెండు గీతలు!

బ్యాటరీ చావలేదు, ముడుచుకుని పడుకుందంతే. లిథియం అయాన్ బ్యాటరీలో కరెంటు రావాలంటే అయాన్లు, అంటే విద్యుదావేశమున్న లిథియం కణాలు, ఒక ద్రవంలోంచి ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది. చలికాలం పొద్దున మనిళ్లలో కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. బ్యాటరీలోని ద్రవం మైనస్ 18కి అలా గడ్డకట్టదు గానీ, అయాన్ల నడక మాత్రం బురదలో బండి లాగినట్టవుతుంది. కెమెరా గట్టిగా కరెంటు లాగగానే వోల్టేజి పడిపోతుంది. కెమెరా ముఖ్యంగా చూసేది వోల్టేజినే కాబట్టి, ఖాళీ అయిందనుకుని దుకాణం కట్టేస్తుంది. లోపల సరుకు ఉన్నా బయటికి రాదు. మైనస్ 20 దగ్గర మామూలు బ్యాటరీలో సగం చేతికందితే గొప్పే. అందుకే రెండో బ్యాటరీ ఎప్పుడూ ఒంటిని అంటుకునే ఉండాలి. పై కోటు జేబు పనికిరాదు, లోపలి చొక్కా జేబే.

ఒక్కటి మాత్రం చేయకూడదు. చల్లగా ఉన్న బ్యాటరీని పవర్‌బ్యాంకుకి తగిలించి చార్జింగ్ పెట్టడం. సున్నాకి దిగువన అయాన్లు బ్యాటరీ ఒక కొసనున్న గ్రాఫైట్ పొరల్లోకి వేగంగా దూరలేక, పైనే లోహంగా పేరుకుపోతాయి. అలా పేరుకున్నదాంట్లో చాలామటుకు మళ్లీ పనికిరాదు, ఒక్కోసారి లోపల షార్ట్ కూడా కావచ్చు. పడుకున్న బ్యాటరీ వెచ్చబడితే లేస్తుంది, ఇలా పాడైనది లేవదు.

చాలా కెమెరాల మాన్యువల్లో 0 నుంచి 40 డిగ్రీల వరకే వాడమని ఉంటుంది. నన్నడిగితే ఆ భయంలో ఎక్కువ వాటా బ్యాటరీదీ, తెరదీ. ఎల్‌సీడీ తెరలోని ద్రవ స్ఫటికాలు చలికి మందగించి, కదిలే బొమ్మ వెనకాల తోకలా మసక లాగుతాయి. వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే సెన్సర్‌కి మాత్రం చలి పండగే. ఎక్కువసేపు తీసే ఫోటోల్లో కనిపించే రంగురంగుల చుక్కల రొద చాలావరకు వేడి వల్ల పుట్టేది. వెలుతురు పడకపోయినా వేడికే కొన్ని ఎలక్ట్రాన్లు కదిలి లెక్కలోకి వచ్చేస్తాయి. సెన్సర్ ఆరేడు డిగ్రీలు చల్లబడిన ప్రతిసారీ ఈ దొంగలెక్క సుమారు సగమవుతుంది. హైదరాబాదులో మేడమీద తీసిన ఫోటోకీ ఇక్కడ తీసినదానికీ తేడా ఆకాశంలోనే కాదు, సెన్సర్‌లోనూ ఉంది.

హాన్లే పక్క కొండమీదే, 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. బెంగళూరు దగ్గర హొసకోటెలో కూర్చుని ఉపగ్రహ సంబంధంతో దాన్ని నడుపుతారు. అంత చలిలో ఉండి కూడా అక్కడి కెమెరా సెన్సర్‌ని ద్రవ నత్రజనితో ఇంకా చల్లబరుస్తారు. మనం స్వెట్టర్లు వెతుక్కుంటుంటే వాళ్లు చలి చాలదంటారు.

అసలు తప్పు నేను చేసింది రాత్రి రెండింటికి. వేళ్లు కొంకర్లు పోతుంటే కెమెరా మెడలో వేసుకుని అలాగే హోమ్‌స్టే గదిలోకి వచ్చేశాను. మధ్యలో బుఖారీ పొయ్యి, దానిమీద మరిగే కెటిల్, చుట్టూ నలుగురి ఊపిరి. నేను చూస్తుండగానే లెన్సు మీద తెల్లటి పొర పరుచుకుంది. మంచు నూగు. నిమిషాల్లో అది కరిగి బొట్లయి జారింది. ఆ ఇంటి పెద్దావిడ, లదాఖీలో ఆమా-లే అంటారు, తల పట్టుకుని, "బయటే ఉంచాల్సింది బాబూ, పొటోలోళ్లంతా ఇంతే" అంది హిందీలో.

గది 20 డిగ్రీలుండి గాల్లో తేమ 50 శాతమైతే, ఘనపు మీటరు గాలిలో ఎనిమిది తొమ్మిది గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. తొమ్మిది డిగ్రీలకన్నా చల్లగా ఏది కనిపించినా ఆవిరి దానిమీద నీరై కూర్చుంటుంది. మైనస్ 18లో ఉన్న గాజు దానికి విందుభోజనమే. విశాఖలో మే నెలలో ఏసీ కారు దిగగానే కళ్లజోడు మసకబారేదీ ఈ లెక్క ప్రకారమే. కళ్లజోడు తుడుచుకోవచ్చు. లెన్సు లోపలి గాజుల మధ్య పట్టిన చెమ్మని ఎలా తుడుస్తాం? ఆరకముందే మళ్లీ బయటికి తీసుకెళ్తే అక్కడే గడ్డకడుతుంది.

ఇది వందేళ్లకు ముందే తేలిన సంగతి. 1911లో దక్షిణ ధ్రువానికి బయల్దేరిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందంతో అంటార్కిటికాలో ఉన్న ఫోటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్, పెట్టెలో పెట్టిన కెమెరాలని గుడిసె బయటే వదిలేసేవాడు. ఆయనకి ఇంకో చేదు అనుభవం కూడా ఉంది. కెమెరా సర్దుకుంటుండగా నాలుక కొస కెమెరా లోహానికి తగిలి అతుక్కుపోయింది, లాగితే చర్మం ఊడొచ్చింది. లోహం మన ఒంటి వేడిని క్షణంలో పీల్చేస్తుంది, ప్లాస్టిక్ నెమ్మదిగా లాగుతుంది. ట్రైపాడ్ కాళ్లకి సైకిల్ హ్యాండిల్ టేపు చుట్టుకునేది ఇందుకే.

మర్నాడు రాత్రి బుద్ధొచ్చింది. కార్డు, బ్యాటరీ బయటే తీసేసుకుని, కెమెరాని జిప్ కవరులో పెట్టి, గాలంతా నొక్కి పంపేసి, మూసి, అప్పుడు లోపలికి తెచ్చాను. చలిగాలిలో ఆవిరి దాదాపు ఉండదు కాబట్టి కవరులో నీరు పట్టడానికేమీ లేదు. బుఖారీకి దూరంగా, గుమ్మం దగ్గరి చెక్క పెట్టె మీద పెట్టాను. కవరు బయటంతా నూగు పట్టి, కారి, పెట్టెమీద చిన్న మడుగు కట్టింది. రెండు గంటలు ఆగి జిప్ తీస్తే కెమెరా పొడిగా ఉంది. ఆమా-లే గుడ్డతో మడుగు తుడుస్తూ, లెన్సు వంక అనుమానంగా చూసి, ఉప్పు టీ పోసింది.