కొడితే టెన్నిస్ వస్తుందా? ఒక కోచ్ రాసిన అపోహలు - వాస్తవాలు

మా కోర్టులో ఒక అమ్మాయి ఉంది. పాయింట్ పోయిన ప్రతిసారీ బంతి ఎక్కడ పడిందో చూడదు, ఫెన్సింగ్ అవతల స్కూటీ మీద కూర్చున్న నాన్న ముఖం చూస్తుంది. అలాంటి పిల్లలు కనబడ్డప్పుడల్లా నాకు తండ్రి చేతిలో దెబ్బలు తింటూ పెరిగిన ఆస్ట్రేలియా టెన్నిస్ ప్లేయర్ యెలెనా డోకిచ్ గుర్తొస్తుంది.

అపోహ: నాన్న బెల్టు తీశాడు కాబట్టే ప్రపంచ నంబర్ 4 అయింది.

వాస్తవం: 'దండం దశగుణం' అనే పేరెంట్స్ నాకు కొత్తేం కాదు. 1999 వింబుల్డన్‌లో 129వ ర్యాంకులో ఉన్న ఈ పదహారేళ్ళ పిల్ల, అప్పటి నంబర్ వన్ మార్టినా హింగిస్‌ను 6-2, 6-0తో ఓడించింది. ఆ గెలుపును దెబ్బల ఖాతాలో వేసేవాళ్ళు మిగతా లెక్క చూడరు. 2002లో నంబర్ 4కి చేరింది, ఆ ఏడాదే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. తర్వాత డిప్రెషన్, ర్యాంకు వందల్లోకి. మళ్ళీ 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్ కార్డుతో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులిచ్చే ప్రవేశం) వచ్చి క్వార్టర్ ఫైనల్ దాకా ఆడింది. అప్పుడు పక్కన నాన్న లేడు.

అపోహ: యుద్ధం, వలస, పేదరికం. ఆ కష్టాలే తండ్రిని అలా మార్చాయి.

వాస్తవం: కష్టాలు నిజమే. 1991లో యుగోస్లావియా ముక్కలవుతుంటే క్రొయేషియాలోని ఒసియెక్ నుంచి సెర్బియాలోని సోంబోర్‌కు పారిపోయారు, 1994లో సిడ్నీ చేరారు. కానీ ఆమె చెప్పినదాని ప్రకారం దెబ్బలు మొదలైంది ఆరేళ్ళప్పుడు, రాకెట్ పట్టిన కొత్తలోనే. ఆమె పుట్టింది 1983లో. అంటే యుద్ధానికి రెండేళ్ళ ముందే!

అపోహ: గెలుస్తోందంటే ఇంట్లో అంతా బాగున్నట్టే.

వాస్తవం: 2000 వింబుల్డన్ సెమీఫైనల్లో అమెరికా ప్లేయర్ లిండ్సే డావెన్‌పోర్ట్ చేతిలో ఓడింది. ఓడావు కాబట్టి హోటల్‌కు రావొద్దని తండ్రి ఫోన్లో చెప్పాడు. వింబుల్డన్‌లో ఆఖరి నలుగురి దాకా నెగ్గుకొచ్చిన పిల్ల ఆ రాత్రి ప్లేయర్స్ లాంజ్‌లో సోఫా మీద ముడుచుకుంది. శుభ్రం చేయడానికి వచ్చినవాళ్ళు చూసేదాకా ఎవరికీ తెలియదు.

అపోహ: అంత జరుగుతుంటే పిల్ల నోరు తెరవదా?

వాస్తవం: తెరవదు. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్‌లో సాల్మన్ చేప ధర ఎక్కువైందని తండ్రి గొడవపడితే పేపర్లకు అదొక కామెడీ. 2001లో తండ్రి మాట మీద ఆస్ట్రేలియాను వదిలి యుగోస్లావియా తరఫున ఆడితే, మెల్‌బోర్న్ జనం ఆమెనే హేళన చేశారు. లోపలి కథంతా బయటికొచ్చింది 2017లో, ఆత్మకథ రాశాక. అప్పటికి ఆమెకు 34 ఏళ్ళు.

అందుకే పిల్లలు చెప్పేదాకా ఆగకండి. ఎండాకాలంలో ఫుల్ స్లీవ్స్ వేసుకొచ్చినా, మ్యాచ్ ఓడాక ఇంటికి వెళ్ళడానికి తటపటాయించినా ఒక్కర్నే కూర్చోబెట్టి మెల్లగా అడగండి. అనుమానం గట్టిగా ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. నేనైతే ముందు ఒక చిన్న పని చేశాను: పేరెంట్స్ కుర్చీలన్నీ పిల్లలకు కనబడని వైపు వేయించాను. స్కూటీ పార్కింగ్ కూడా అటే.