బాయిలర్ మీది రాతినార, చట్టంలోని మూడేళ్ల గడువు

ఆవిరి ఇంజిన్ల కాలంలో అమెరికా రైల్వే వర్క్‌షాపులు తప్పక పాటించవలసిన నిబంధన ఒకటి ఉండేది. కనీసం అయిదేళ్లకొకసారి ప్రతి ఇంజిన్ బాయిలర్ మీది రేకు తొడుగునూ, దాని కింద వేడి బయటికి పోకుండా కప్పిన పొరనూ పూర్తిగా ఊడదీసి, ఉక్కు పలకలలో ఎక్కడైనా పగుళ్లు వచ్చాయేమో పరీక్షించాలి. బాయిలర్లు పేలి డ్రైవర్లు, ఫైర్‌మన్లు (ఇంజిన్‌లో బొగ్గు వేసి మంట చూసుకునేవారు) చనిపోతుండడంతో 1911లో చేసిన బాయిలర్ తనిఖీ చట్టం కింద వచ్చిన నిబంధన ఇది. దీనివల్ల ఎందరి ప్రాణాలో నిలిచాయనడంలో సందేహం లేదు. అయితే అలా ఊడదీయవలసిన పొరలో ఉన్నది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్.

ఆ పొరను ఎక్కువగా మెగ్నీషియా దిమ్మెలతో వేసేవారు. అందులో సుమారు 85 శాతం మెగ్నీషియం కార్బొనేట్, మిగిలిన 15 శాతం రాతినార పోగులు. దిమ్మెలను బాయిలర్ చుట్టూ పేర్చి, వాటి సందులను రాతినార కలిసిన పొడితో పూడ్చేవారు. బస్తాలోని ఆ పొడిని తొట్టిలో కుమ్మరించి, నీళ్లు పోసి కలిపి, తడి ముద్దను చేత్తోనే మెత్తేవారు. కొన్నేళ్లపాటు వేడికి ఎండి పెళుసుబారిన ఆ పొరను మళ్లీ తీయవలసి వచ్చినప్పుడు సుత్తులతో, గడ్డపారలతో కొట్టి రాలగొట్టేవారు. రాలిన ముక్కలను చీపుళ్లతో పొడిగానే ఊడ్చేవారు. బాయిలర్ పని చేసేవారు, గొట్టాలు బిగించేవారు, మెషినిస్టులు, ఊడ్చే కూలీలు అందరూ పని చేసేది ఒకే కప్పు కింద కాబట్టి, రాతినారను ముట్టుకోని వాడు కూడా దాని ధూళిని పీల్చాడు. మనకు పరిచయమైన సిమెంటు రేకులో పోగులు సిమెంటుకు అంటుకుపోయి ఉంటాయి. రేకును కోసినప్పుడో పగిలినప్పుడో తప్ప అవి అంతగా గాలిలోకి లేవవు. బాయిలర్ పొర మాత్రం వేలితో నలిపినా పొడి అయ్యేటంత వదులైన పదార్థం. ప్రమాదమంతా ఆ తేడాలోనే ఉంది.

1960 నాటికి అమెరికా ప్రధాన మార్గాలలో ఆవిరి ఇంజిన్లు దాదాపు కనుమరుగై డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. రాతినార మాత్రం పోలేదు. పొగ గొట్టాల చుట్టలలో, గాస్కెట్లలో, ప్రయాణికుల పెట్టెల కింద సాగే ఆవిరి గొట్టాల మీద, బ్రేకు షూలలో అది 1970ల దాకా, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా కొనసాగింది. కార్మికుల రక్షణ కోసం అమెరికా ప్రభుత్వం 1971లో తొలిసారి పరిమితి విధించినప్పుడు ఘన సెంటీమీటరు గాలిలో 12 పోగుల వరకు అనుమతించింది. 1994కు వచ్చేసరికి అదే పరిమితి 0.1కి దిగింది. 1971లో నిబంధన ప్రకారం నడిచిన వర్క్‌షాపు కూడా ఇప్పటి పరిమితికి నూట ఇరవై రెట్ల దాకా పోగులున్న గాలితో ఉండవచ్చన్న మాట.

ఈ పోగు శరీరంలో చేసే పని దాని ఆకారం మీద ఆధారపడుతుంది. మైక్రాన్ల మందమే ఉన్న సన్నని పోగు గాలి ప్రవాహం వెంట నిలువుగా సాగి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరుతుంది. అక్కడ కాపలా ఉండే భక్షక కణాలు మామూలు ధూళి రేణువును మింగి బయటికి చేరవేయగలవు కానీ, తమకన్నా పొడవైన పోగును పూర్తిగా చుట్టలేవు. మింగలేక, వదలలేక ఆ కణం తనలోని చురుకైన రసాయనాలను చుట్టుపక్కలకు వదులుతుంది, చివరికి చచ్చిపోతుంది. పోగు అక్కడే ఉంటుంది, దాని మీదికి మరో కణం వస్తుంది. ఏళ్ల తరబడి ఆరని ఈ వాపు వల్ల కణజాలం మచ్చకట్టి గట్టిపడితే అది ఆస్‌బెస్టాసిస్. ఊపిరి క్రమంగా కుంచించుకుపోతుంది. జన్యుపదార్థం దెబ్బతింటే ఊపిరితిత్తుల క్యాన్సర్ గానీ, ఊపిరితిత్తిని కప్పి ఉండే ప్లూరా పొరలో మెసోథెలియోమా అనే క్యాన్సర్ గానీ రావచ్చు. పొగ తాగే అలవాటు ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రాతినారతో కలిసి అనేక రెట్లవుతుంది. మెసోథెలియోమాకు మాత్రం పొగాకుతో సంబంధం లేదు. నిటారుగా, గట్టిగా ఉండే అమోసైట్, క్రోసిడొలైట్ పోగులు శరీరంలో ఎక్కువ కాలం నిలుస్తాయి. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్విన క్రిసోటైల్ రకం వంకర పోగులు వాటికన్నా త్వరగా కరుగుతాయన్నది నిజమే అయినా, అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తొలిసారి పీల్చిన నాటికీ మెసోథెలియోమా బయటపడే నాటికీ మధ్య సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు గడుస్తాయి.

చట్టానికి చిక్కు వచ్చిపడింది ఈ వ్యవధి దగ్గరే. అమెరికాలో రైల్వే కార్మికులకు రాష్ట్రాల కార్మిక పరిహార చట్టాలు వర్తించవు. వారికి 1908 నాటి ప్రత్యేకమైన ఫెడరల్ చట్టం ఉంది. యజమాని బాధ్యత చట్టం అని దాన్ని పిలుచుకోవచ్చు. రైళ్ల మీది పనిలో వేళ్లు, చేతులు, ప్రాణాలు పోతున్న రోజులలో పుట్టిన చట్టం అది. 1889 లెక్కల ప్రకారం రైళ్ల మీద పనిచేసే ప్రతి 117 మందిలో ఒకరు ఏడాదిలో చనిపోయారు, ప్రతి 12 మందిలో ఒకరు గాయపడ్డారు. అంటే దాని రచయితల కళ్ల ముందున్నది ఫలానా రోజున, ఫలానా యార్డులో, నలుగురూ చూస్తుండగా జరిగే గాయం. నలభై ఏళ్లపాటు కనపడకుండా పెరిగే గాయం వారి ఊహలో లేదు.

ఈ చట్టం కింద పరిహారం దానంతట అది రాదు. రైల్వే కంపెనీ నిర్లక్ష్యాన్ని కార్మికుడు రుజువు చేయాలి. ధూళి ప్రమాదకరమని తెలిసి, లేదా తెలుసుకోవలసి ఉండి, ముసుగులు ఇవ్వలేదనో, తడిపి తీయించలేదనో, హెచ్చరించలేదనో చూపాలి. అంత భారం మోపినందుకు బదులుగా మిగతాచోట్ల చట్టం అతని వైపు మొగ్గింది. జబ్బుకు కంపెనీ నిర్లక్ష్యం ఏ కొంచెమైనా కారణమైతే చాలునని సుప్రీంకోర్టు 1957లో చెప్పింది, 2011లో మళ్లీ ధ్రువపరిచింది. ప్రమాదమని తెలిసే ఉద్యోగంలో చేరాడన్న వాదనను 1939 సవరణ తీసివేసింది. కార్మికుడి తప్పు కూడా ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గుతుందే తప్ప కేసు పోదు. కంపెనీ భద్రతా చట్టాన్ని ఉల్లంఘించి ఉంటే ఆ తగ్గింపు కూడా ఉండదు. నొప్పికీ వేదనకూ సైతం జ్యూరీ వెల కట్టగలదు కాబట్టి, గెలిస్తే వచ్చే మొత్తం మామూలు కార్మిక పరిహారం కన్నా బాగా పెద్దదే కావచ్చు.

కేసు వేయడానికి గడువు మూడేళ్లు. ఎప్పటి నుంచి? ఈ ప్రశ్నకు జవాబు రాతినార కేసులో కాదు, ఇసుక కేసులో వచ్చింది. పట్టాల మీద చక్రాలు జారకుండా ఇంజిన్లు చల్లే ఇసుక ధూళిని సుమారు మూడు దశాబ్దాలు పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పాలైన ఒక ఫైర్‌మన్ వేసిన దావాలో, వృత్తి రోగం కూడా ఈ చట్టం చెప్పే గాయమేనని సుప్రీంకోర్టు 1949లో తీర్పిచ్చింది. తనకు తెలియని, తెలుసుకునే వీలూ లేని జబ్బుకు గడువు ఎప్పుడో మొదలై ముగిసిపోయిందనడం న్యాయం కాదంది. జబ్బు లక్షణాలు బయటపడిన నాటి నుంచే లెక్క మొదలవుతుంది. నా దృష్టిలో ఈ చట్టం చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు. ఇది లేకపోతే రాతినార బాధితులలో దాదాపు ఎవరికీ కోర్టు మెట్లు ఎక్కే అవకాశమే ఉండేది కాదు. అయినా జాగ్రత్త అవసరం: జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం ఉందని తెలిసినప్పుడే కాదు, తెలుసుకోగలిగి ఉండినప్పటి నుంచి కూడా కోర్టులు గడువును లెక్కిస్తాయి.

ఇదే తర్కానికి రెండో వైపు 1997లో కనపడింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కింది ఆవిరి సొరంగాలలో గొట్టాల మీది పొరను తీసే పనివాళ్లు తెల్లని ధూళిలో మునిగి బయటికి వచ్చేవారు. వారిని మంచుమనుషులని పిలిచేవారు. అక్కడ మూడేళ్లపాటు రోజుకు గంటసేపు ఆ ధూళి పీల్చిన ఒక గొట్టాల పనివాడు, జబ్బు ఇంకా రాకున్నా క్యాన్సర్ భయానికీ, జీవితాంతం అదనంగా చేయించుకోవలసిన వైద్య పరీక్షల ఖర్చుకూ పరిహారం అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఒంటి మీద ధూళి పడడం దానంతట అది గాయం కాదంది. 2003లో ఆస్‌బెస్టాసిస్ ఉన్న ఆరుగురు మాజీ కార్మికులు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే మీద వేసిన కేసులో మాత్రం, జబ్బు ఉన్నవాడి క్యాన్సర్ భయం నిజమైనదీ తీవ్రమైనదీ అని రుజువైతే దానికీ పరిహారం ఇవ్వాలని 5–4 తేడాతో తేల్చింది. ఆస్‌బెస్టాసిస్ ఉన్నవారిలో సుమారు 10 శాతం మంది మెసోథెలియోమాతో చనిపోతారన్న వైద్య సాక్ష్యం ఆ కోర్టు ముందుంది. ఆ రెంటినీ కలిపి చదివితే, జబ్బు బయటపడడమే హద్దు.

రైల్వేను వదిలి, ఆ పొరలనూ బ్రేకు షూలనూ తయారు చేసిన కంపెనీల మీద కేసు వేయవచ్చు కదా అనిపిస్తుంది. ఆ దారిని 2012లో సుప్రీంకోర్టు దాదాపు మూసివేసింది. 1947 నుంచి 1974 వరకు మోంటానా, సౌత్ డకోటా వర్క్‌షాపులలో వెల్డర్‌గా, మెషినిస్టుగా పనిచేసిన ఒక వ్యక్తికి 2005లో మెసోథెలియోమా బయటపడింది. ఇంజిన్ భాగాల రూపకల్పన, హెచ్చరికల విషయం మొత్తం 1911 నాటి బాయిలర్ తనిఖీ చట్టం పరిధిలోకి వస్తుందనీ, అందువల్ల రాష్ట్ర చట్టాల కింద తయారీదారుల మీద వేసే దావాలు చెల్లవనీ 6–3తో తీర్పు వచ్చింది. పొరలను ఊడదీయించిన చట్టమే, ఆ పొరలను అమ్మినవారికి కోటగోడ అయింది. ఇంజిన్‌కు చెందని సరుకుల విషయంలో, ఉదాహరణకు వర్క్‌షాపు భవనంలోని గొట్టాల పూత విషయంలో, వాదన ఇంకా మిగిలి ఉంది. 1982లో దివాలా పిటిషన్ వేసిన జాన్స్ మాన్‌విల్ వంటి తయారీ కంపెనీలు కోర్టు ఆదేశాలతో ఏర్పాటు చేసిన పరిహార నిధులు కూడా ఉన్నాయి. వాటిలో విచారణ లేకుండా కాగితాల మీదే దావా తేలుతుంది కానీ, అసలు విలువలో కొంత శాతమే చేతికి వస్తుంది.

వీటితో సంబంధం లేకుండా, ఎవరి తప్పూ చూపనక్కరలేని దారి రైల్వే రిటైర్‌మెంట్ బోర్డు ఇచ్చే వైకల్య పింఛను. చేస్తున్న రైల్వే ఉద్యోగాన్ని ఇక చేయలేని స్థితి వస్తే, 20 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి ఏ వయసులోనైనా, 60 ఏళ్లు నిండినవారికి 10 ఏళ్ల సర్వీసుతోనూ అది దక్కవచ్చు. కోర్టుకు వెళ్లేవారికి అసలు కష్టం సాక్ష్యం దగ్గర ఎదురవుతుంది. కంపెనీలు విలీనమయ్యాయి, షాపులు కూల్చేశారు, పక్కన పనిచేసినవారు పోయారు. ఏ ఏడాది ఏ షాపులో ఏ పని చేశారో చెప్పే సర్వీసు రికార్డులు, యూనియన్ కాగితాలు, బతికున్న సహోద్యోగి వాంగ్మూలం, కణజాల పరీక్ష నివేదిక, ఇవే కేసును నిలబెడతాయి.

భార్యాబిడ్డలది వేరే లెక్క. కార్మికుడు జబ్బుతో చనిపోతే 1908 చట్టం కిందే వారి తరఫున దావా వేయవచ్చు. అదే ధూళి అతని పని బట్టల మీద ఇంటికి చేరి, వాటిని ఉతికిన భార్యకే మెసోథెలియోమా వస్తే ఆమె ఉద్యోగి కాదు కాబట్టి ఆ చట్టం ఆమెకు వర్తించదు. ఉంటున్న రాష్ట్రం చట్టమే దిక్కు. సీఎస్ఎక్స్ రైల్వే మీద వచ్చిన అలాంటి కేసులో, ఇంట్లోవారి పట్ల కంపెనీకి బాధ్యత లేదని జార్జియా సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. శాంటా ఫే రైల్వేలో పనిచేసిన వ్యక్తి మాజీ భార్య విషయంలో, ఆ రైల్వే వారసురాలైన బీఎన్ఎస్ఎఫ్ మీద వచ్చిన కేసులో, బాధ్యత ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అయితే ఆ బాధ్యతను కార్మికుడితో ఒకే ఇంట్లో నివసించేవారి వరకే పరిమితం చేసింది.